వెలిగొండల దారిలో మూడడుగుల చోటు: నెల్లూరు జిల్లా అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా అటవీ అధికారి గారికి, రోడ్లు భవనాల శాఖ, పంచాయతీరాజ్ శాఖ, జాతీయ రహదారుల విభాగం ఇంజనీర్లకు,

నమస్కారం.

మీ కార్యాలయాలకు వచ్చే అర్జీల్లో సగానికి సగం కొత్త రోడ్డు వేయమనే ఉంటాయి. ఈ లేఖలో ఆ కోరిక లేదు. సైకిలు వెనక రెండు సంచులు కట్టుకుని, రెండు మూడు రోజుల పాటు జిల్లా పడమటి హద్దున ఉన్న వెలిగొండల వెంట తిరిగి వచ్చే వాళ్ళం మేము. నెల్లూరు, ఆత్మకూరు, పొదలకూరు, కావలి నుంచి వచ్చి కలిసే ఈ జట్టులో బడిపంతుళ్ళున్నారు, మందుల దుకాణం నడిపేవాళ్ళున్నారు, ఉద్యోగ విరమణ చేసిన బ్యాంకు వాళ్ళున్నారు, బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ పండక్కి ఊరికి వచ్చే పిల్లలున్నారు. మాకు కావలసిన దారులన్నీ మీ శాఖలు ఎప్పుడో వేసేశాయి. ఆ దారుల మీద సైకిలు కూడా నడుస్తుందన్న సంగతిని గుర్తు పెట్టుకున్న శాఖ మాత్రం మాకు ఇంతవరకు తగల్లేదు.

ముందు దారి చెబుతాను. పటం చూసుకుంటూ చదివితే తేలిగ్గా ఉంటుంది.

దారులు రెండు: పెన్నా నదికి దక్షిణాన ఒకటి, ఉత్తరాన ఒకటి. దక్షిణపు దారి నెల్లూరు నుంచి పొదలకూరు, రాపూరు, గోనుపల్లి మీదుగా పెంచలకోనకు చేరుతుంది. పొదలకూరు దాటే వరకు నిమ్మతోటలు. పూత సమయంలో ఆ వాసన సైకిలు మీద వెళ్ళేవాడికే తెలుస్తుంది, కారు అద్దాలు ఎత్తుకుని పోయేవాడికి ఎలా తెలుస్తుంది? రాపూరు, సైదాపురం ప్రాంతమంతా ఒకప్పుడు అభ్రకం గనులకు పేరు పడింది. అక్కడ రోడ్డు అంచున మట్టిలో అభ్రకం రేకులు సాయంత్రపు ఎండకు తళతళ మెరుస్తుంటాయి. ఆ పొడి టైర్లకు, రిమ్ములకు అంటుకుని ఇంటిదాకా వస్తుంది. సైకిలు కడిగినా చువ్వల మొదళ్ళలో ఓ రెండు మెరుపులు మిగిలే ఉంటాయి. ఇక కండలేరు దగ్గర సుమారు 11 కిలోమీటర్ల మట్టికట్ట, దాని వెనక 68 టీఎంసీల జలాశయం. చెన్నైకి తాగునీళ్ళు వెళ్ళేది ఇక్కడి నుంచే. అక్కడి నుంచి పడమటికి చూస్తే కొండ అడ్డంగా, గోడ కట్టినట్టు నిలబడి ఉంటుంది. గోనుపల్లి దాటాక ఆ గోడ దగ్గరికి వచ్చేస్తుంది. నరసింహస్వామి గుడి దాని పాదం దగ్గరే. తిరుగు ప్రయాణంలో కలువాయి, చేజర్ల వైపు నుంచి సంగం బ్యారేజీకి చేరి నది దాటవచ్చు. 2022 సెప్టెంబరు 6న ఆ బ్యారేజీని ప్రారంభించిన రోజున సాగునీటి గురించే అందరూ మాట్లాడారు. పెన్న రెండు ఒడ్డుల సైకిలు దారులనూ కలిపింది కూడా అదే వంతెన.

ఉత్తరపు దారి సంగం నుంచి ఆత్మకూరు, అనంతసాగరం మీదుగా సోమశిలకు. పెన్న వెలిగొండలను చీల్చుకుని మైదానంలోకి దిగే చోటు అది. 78 టీఎంసీల జలాశయాన్ని అక్కడే ఎందుకు కట్టారో ఒకసారి నిలబడి చూస్తే ఇంజనీరు చెప్పనక్కర్లేదు. ఆత్మకూరు నుంచి మరో పాయ ఉదయగిరికి, అక్కడి నుంచి సీతారామపురం, ఘటిక సిద్ధేశ్వరం, ఆపైన జిల్లా హద్దు దాటి భైరవకోన. ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. భైరవకోన ఏ జిల్లా అని రాయాలో తోచక పాత ప్రకాశం జిల్లా అంటున్నాను. జిల్లాల హద్దులు ఈమధ్య ఎన్ని మార్లు మారాయో మీకే తెలుసు. అసలు ప్రకాశం జిల్లాయే 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో పుట్టింది. దారి మాత్రం ఒక్కటే కాబట్టి అవతలి కలెక్టర్ గారికి కూడా ఈ లేఖ ప్రతి పంపుతున్నాం.

ఉదయగిరి గురించి రెండు మాటలు ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఆ ఊరికి దక్కాల్సిన మర్యాద దక్కలేదని నా బాధ. మూడు వేల అడుగులకు పైబడిన కొండ, దాని మీద కోట. ఒడిశా గజపతి రాజుల చేతిలో ఉన్న ఆ కోటను గెలవడానికి శ్రీకృష్ణదేవరాయలకు ఏడాదికి పైగా ముట్టడి వేయాల్సి వచ్చింది. 1514లో కోట దక్కాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి, దానికోసం అక్కడ గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఆ రాతి విగ్రహాన్ని కొండ దించి అంత దూరం ఏ బండి మీద, ఏ కనుమ గుండా తీసుకెళ్ళారా అని ఎక్కుడు మీద గేర్లు మార్చుకుంటూ ఆయాసపడే ప్రతిసారీ అనుకుంటాం. కోట దిగువన ఊళ్ళో చెక్క చెంచాలు చేసేవాళ్ళున్నారు. నర్ది, బిక్కి లాంటి చెక్కతో చేసిన గరిటెలు, ఫోర్కులు, వాటి కాడల మీద చీమ తల ప్రమాణంలో చెక్కిన జల్లెడ పని. దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సైకిలు యాత్రికుడు బరువైన వస్తువేదీ కొనలేడు, చెంచాలు మాత్రం కొంటాడు. మా జట్టులో ఎవరి ఇంటికి వెళ్ళినా ఉప్పు డబ్బాలో ఉదయగిరి చెంచా ఉంటుంది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఈ దారికి కొత్తగా ఆకర్షణలేమీ జోడించనక్కర్లేదు. కావలసింది మూడు శాఖలు కలిసి కూర్చుని కొన్ని చిన్న పనులకు ఒప్పుకోవడం.

అన్నిటికంటే ముందు అడవి గేటు సంగతి.

వెలిగొండల్లో ఎర్రచందనం ఉంది. ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణపు కొసలోనే. కాబట్టి సంచులు కట్టుకుని అడవి దారిన వెళ్ళే ఎవరినైనా అటవీ సిబ్బంది ఆపి చూస్తారు, చూడాలి కూడా. ఇందులో మాకు ఏ అభ్యంతరమూ లేదు. మా బాధ వేరు. ఆ మధ్య ఒక చెక్‌పోస్టు దగ్గర మమ్మల్ని ఆపారు. ఏ చెక్‌పోస్టో రాయను, అక్కడి సిబ్బంది మీద ఫిర్యాదు చేయడం నా ఉద్దేశం కాదు. సంచులు విప్పారు. పల్లీ చిక్కీలు, తడి తువ్వాలు, పంక్చరు సామాను, కొబ్బరి నూనె సీసా బయటపడ్డాయి. సన్నని వాల్వు ట్యూబుకు మామూలు పంపుతో గాలి కొట్టడానికి తగిలించే చిన్న ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. అక్కడి ఉద్యోగి దాన్ని వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూసి, ఇదేమిటని అడిగాడు. బిగించి, గాలి కొట్టి చూపించాం. నవ్వాడు. నవ్వాక కూడా లోపలికి వదల్లేదు. సైకిళ్ళకు అనుమతి లేదన్నాడు. అది బస్సు నడిచే రోడ్డు. మేము నిలబడి ఉండగానే మోటారు సైకిళ్ళు, టిప్పర్లు పోతూనే ఉన్నాయి. అనుమతి లేదని ఎక్కడ రాసి ఉందో చూపమంటే చూపలేకపోయాడు. పై అధికారికి ఫోను చేద్దామంటే సిగ్నల్ లేదు. చివరికి వెనక్కి తిరిగి, చీకటి పడే వేళకు లారీల రోడ్డు మీద ఊరు చేరాం. తరువాతి వారం అదే దారిన వెళ్ళిన మరో జట్టును ఎవరూ ఆపలేదు.

అంటే నియమం మనిషిని బట్టి, వేళను బట్టి మారుతోంది. మాకు కావలసింది ఒక్క కాగితం. ఏ రోడ్ల మీద సైకిళ్ళు వెళ్ళవచ్చు, ఏ వేళల్లో వెళ్ళవచ్చు, గేటు దగ్గర ఏ వివరాలు ఇవ్వాలి, ఏ నెలల్లో మూసి ఉంచుతారు. ఇంతే. దాన్ని తెలుగులో అచ్చు వేసి, గేటు పక్కన గోడకు అంటించండి. నియమం కఠినంగా ఉన్నా సరే, రాసి ఉంటే చాలు. పెంచలకోన కొండలు శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యంలో భాగం. చిరుతలు, ఎలుగుబంట్లు తిరిగే చోటు. ఉదయగిరి, సీతారామపురం కొండల్లో పొద్దున్నే, మునిమాపు వేళ ఎలుగుబంట్లు రోడ్డు దాకా వస్తాయని అక్కడి పశువుల కాపరులు మాకే జాగ్రత్తలు చెబుతుంటారు. అందువల్ల సూర్యోదయం తరువాత గంటకు లోపలికి వదిలి, సాయంత్రం నాలుగుకల్లా బయట పడాలని మీరు నియమం పెడితే సంతోషంగా ఒప్పుకుంటాం. తారు రోడ్డు దిగం, నిప్పు రాజేయం, ఒక్కరే వెళ్ళం. ఈ చివరి గేటు దగ్గర పేరు రాసుకుని ఆ చివరి గేటు దగ్గర కొట్టేసే పుస్తకం ఒకటి పెడితే మాకే మేలు. దారిలో ఎవరైనా పడిపోయినా రాత్రికి తెలుస్తుంది.

ప్రకాశం వైపు మిత్రులు కొందరు దోర్నాల నుంచి శ్రీశైలం దారిని కూడా ఈ లేఖలో చేర్చమన్నారు. నేను ఒప్పుకోలేదు. అది పులుల అభయారణ్యం నడిబొడ్డు. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరింటి దాకా అక్కడ మోటారు బండ్లనే ఆపేస్తారు. వాళ్ళకు నా మీద కోపం వచ్చింది. రానీయండి. నల్లమలలో సైకిలు తొక్కాలన్న సరదా కంటే పులి నెమ్మది ముఖ్యం.

ఇక రోడ్డు అంచు.

రోడ్డు మీద సైకిలుకు ఎంత చోటు కావాలి? మూడడుగులు. ఆ మూడడుగులూ రోడ్డుకు ఎడమ అంచునే ఉంటాయి. రోడ్డు చెడిపోవడం మొదలయ్యేదీ అక్కడే. ఈ జిల్లాలో తారు మీద తారు వేస్తూ పోయారు, పక్కన మార్జిన్‌లో మట్టి మాత్రం పోయలేదు. దాంతో చాలా చోట్ల తారు అంచుకూ మట్టికీ మధ్య జానెడు ఎత్తు తేడా వచ్చింది. వెనక నుంచి లారీ హారన్ కొట్టగానే సైకిలు వాడు పక్కకు దిగాలి. దిగితే పడతాడు, దిగకపోతే ఇంకా ఘోరం. తిరిగి ఎక్కేటప్పుడు ముందు చక్రం ఆ అంచుకు ఒరుసుకుని జారుతుంది. మాకు హెల్మెట్లు, మంచి బ్రేకులు ఉన్నాయి. అదే అంచు మీద చీర కొంగు నడుముకు చుట్టుకుని పాల క్యాను మోసుకెళ్ళే అమ్మకు, సైకిలు మీద బడికి వెళ్ళే తొమ్మిదో తరగతి పిల్లకు ఏమున్నాయి? కొత్త తారు పొర వేసిన ప్రతిచోటా, బిల్లు చెల్లించే ముందు మార్జిన్‌లో గ్రావెల్ పోసి రోలర్ తిప్పారా లేదా అని చూడమని ఇంజనీర్లను కోరుతున్నాం. టెండరులో రాసి ఉన్న పనే జరగడం లేదని మా అనుమానం. తప్పైతే చెప్పండి, సంతోషిస్తాం.

దీనికి తోడు రంబుల్ స్ట్రిప్పులు. కూడళ్ళకు ముందు తెల్లగా, మందంగా, వరసగా వేసే ఆ గీతలు కారును నెమ్మది చేయడానికి పనికొస్తాయి, నిజమే. సైకిలు మీద అవి పళ్ళు కదిలిస్తాయి. వానలో జారుడు కూడా. గీతను అంచు దాకా లాగకుండా ఎడమ వైపు రెండు మూడడుగులు వదిలేస్తే చాలు. రంగు కూడా మిగులుతుంది.

ముళ్ళ సంగతి చెప్పకుండా నెల్లూరు జిల్లా సైకిలు కథ పూర్తికాదు. సర్కారు తుమ్మ వానాకాలం దాటాక రెండు వైపుల నుంచీ రోడ్డు మీదికి వంగుతుంది. మలుపుల్లో ఎదురుగా వచ్చే బండి కనిపించదు. దాన్ని కొట్టించే పనిని మీ శాఖల్లో జంగిల్ క్లియరెన్స్ అంటారు, ఏటా చేయిస్తారు కూడా. చిక్కంతా ఆ తరువాతే మొదలవుతుంది. కొట్టిన కంపను అక్కడే మార్జిన్‌లో వదిలేస్తారు. అది ఎండి, లారీల కింద నలిగి, అంగుళం పొడవు ముళ్ళుగా రోడ్డు అంచంతా పరుచుకుంటుంది. జంగిల్ క్లియరెన్స్ జరిగిన నెలలో ఆ దారికి మేము వెళ్ళం. పల్లేరుకాయలు దేవుడి పని, వాటి గురించి మీకు రాయడం లేదు. కొట్టిన కంపను ట్రాక్టరులో ఎత్తించడం మాత్రం మీ చేతిలో పని. ఇదివరకు ప్రతి ఊళ్ళోనూ సైకిలు షాపు ఉండేది. ఇప్పుడు ఉదయగిరి దాటితే పంక్చరు వేసేవాడి దగ్గర మోటారు సైకిలు సామాను తప్ప సైకిలు ట్యూబు దొరకడం గగనం.

వడ్ల గురించి కూడా ఒక మాట. కోతల కాలంలో సంగం, బుచ్చిరెడ్డిపాళెం వైపు రోడ్డులో సగం మీద వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. చీకట్లో ఆ రాళ్ళు కనబడక పడినవాళ్ళున్నారు. మా జట్టులో కొందరు దీని మీద కేసులు పెట్టాలంటారు. ఆరబోసుకోవడానికి కళ్ళం లేని రైతు ఎక్కడికి పోతాడు? ఊరూరా సిమెంటు కళ్ళాలు కట్టించే దాకా ఆ రాళ్ళకు సున్నం పూయమని పంచాయతీల ద్వారా చెప్పించండి. రాత్రిపూట లైటు వెలుగులో సున్నం రాయి చాలా దూరం నుంచి కనిపిస్తుంది.

ఇదంతా ఇప్పుడే ఎందుకు అడుగుతున్నామో చెబుతాను. బద్వేలు వైపు నుంచి కృష్ణపట్నం ఓడరేవుకు వెళ్ళే లారీలన్నీ ఇవాళ 67వ నంబరు జాతీయ రహదారి మీద, మర్రిపాడు అడవి గుండా, ఆత్మకూరు మీదుగా పోతున్నాయి. 2025 మే 28న కేంద్ర మంత్రివర్గం బద్వేలు దగ్గరి గోపవరం నుంచి నెల్లూరు జిల్లా గురివిందపూడి దాకా 108.134 కిలోమీటర్ల నాలుగు వరుసల రహదారికి ఆమోదం ఇచ్చింది. ఖర్చు 3,653.10 కోట్ల రూపాయలు. ఓడరేవుకు 142 కిలోమీటర్ల దూరం 108కి తగ్గుతుందని చెప్పారు. దూరం అంత తగ్గుతోందంటే పాత రోడ్డులో కొన్ని ముక్కలు పక్కన పడిపోతాయని అర్థం. అలా పడిపోయిన ముక్కల గతి ఏమిటో మనందరం చూశాం. ఒకవైపు మట్టి తవ్వేస్తారు, ఇంకోవైపు లారీలు నిలుపుతారు, మిగిలిన చోట కంప మొలుస్తుంది. ఈసారి అలా కానివ్వకండి. పాత మలుపులు, పాత కల్వర్టులు, వాటి పక్కనున్న చింతచెట్లతో సహా ఏ ముక్క మిగిలితే ఆ ముక్కను పంచాయతీరాజ్ శాఖకు అప్పగించి, నెమ్మదిగా నడిచే బండ్ల దారిగా నమోదు చేయండి. ఎడ్లబండికి, సైకిలుకు, నడిచే మనిషికి. ఈ పని కాగితం మీద ఇప్పుడే జరగాలి. కొత్త రోడ్డు ప్రారంభమయ్యాక పాత రోడ్డు సంగతి వినే తీరిక ఎవరికుంటుంది?

కొండ కింద నుంచి రైలు ఎలాగూ వెళ్తోంది. ఓబులవారిపల్లె నుంచి కృష్ణపట్నం లైను కోసం చెర్లోపల్లి, రాపూరు స్టేషన్ల మధ్య 6.6 కిలోమీటర్ల సొరంగం తొలిచి 2019లో ప్రారంభించారు. బరువులు సొరంగంలోంచి, నాలుగు వరుసల మీంచి పోతే కొండ మీది చిన్న రోడ్లకు ఊపిరి ఆడుతుంది. రాపూరు, చిట్వేలు ఘాట్ మీద టిప్పర్లు సగమైనా తగ్గితే చాలు, దక్షిణాదిలో అంత చక్కటి సైకిలు ఎక్కుడు మరొకటి లేదని నేను పందెం కాస్తాను.

దారి చూపే గుర్తుల గురించి. మీరు పెద్ద పెద్ద నీలం బోర్డులు పెట్టనక్కర్లేదు. బెల్జియంలోని లింబర్గ్ ప్రాంతంలో హ్యూగో బోలెన్ అనే గని ఇంజనీరు ఉండేవాడు. గనిలో సొరంగాలు కలిసే చోట్లకు అంకెలు ఉంటాయి, మనిషి ఆ అంకెలు పట్టుకుని వెళ్తాడు. సైకిలు దారులు కలిసే కూడళ్ళకు కూడా అలాగే అంకెలు పెడితే పోలేదా అన్నాడాయన. 1995లో అక్కడ ఆ పద్ధతి అమల్లోకి వచ్చింది, తరువాత నెదర్లాండ్స్ అంతటా పాకింది. యాత్రికుడు ఇంటి దగ్గరే ఓ చీటీ మీద 4, 9, 12, 17 అని రాసుకుంటాడు. కూడలిలో 4 కనబడితే 9కి బాణం గుర్తు ఎటు ఉందో చూసుకుని పోతాడు. ఫోను అక్కర్లేదు. అభ్రకం గనులు తవ్విన సైదాపురం గడ్డకు గనుల నుంచి పుట్టిన పద్ధతి అతకదా? మన దగ్గర ఉక్కు స్తంభాలు కూడా వద్దు. కల్వర్టు పిట్టగోడ మీద పసుపు రంగులో ఒక అంకె, ఒక బాణం చాలు. గోనుపల్లి కూడలి, కలువాయి కూడలి, సంగం బ్యారేజీ, అనంతసాగరం కట్ట, ఉదయగిరి బస్టాండు, సీతారామపురం. ముప్పై లోపు కూడళ్ళతో రెండు దారులూ అయిపోతాయి. రంగు, కుంచె మేమే తెచ్చుకుంటాం, గీయడానికి అనుమతి ఇవ్వండి.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. కిలోమీటరు రాయి తల పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, నారింజ అయితే పల్లె రోడ్డు. సైకిలు తొక్కేవాడికి నారింజ రాయి కనబడితే ప్రాణం లేచి వస్తుంది. మేము అడిగే కూడళ్ళలో చాలా వరకు నారింజ రాళ్ళ మధ్యే ఉన్నాయి. అందుకే ఈ లేఖలో పంచాయతీరాజ్ ఇంజనీర్లను ప్రత్యేకంగా పేర్కొన్నాను. పెద్ద రోడ్ల మీద సమావేశాలు జరిగేటప్పుడు వాళ్ళను పిలవడం సాధారణంగా మరచిపోతారు.

రాత్రి బస సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. పెంచలకోనలో, సోమశిలలో, ఉదయగిరిలో గదులున్నాయి. దేవస్థానాల సత్రాలు, వివిధ శాఖల అతిథి గృహాలు. ఖాళీగా ఉన్నా ఒంటరిగా వచ్చిన మనిషికి గది ఇవ్వరు, ఇచ్చినా సైకిలు లోపల పెట్టనివ్వరు. గుర్తింపు కార్డు చూసి ఒక్కరికైనా గది ఇవ్వమని, వరండాలో సైకిలు పెట్టుకోనివ్వమని ఒక్క ఉత్తర్వు చాలు. మా జట్టులోని ఆడవాళ్ళు అడిగేది మరీ చిన్నది. రాపూరుకూ పెంచలకోనకూ మధ్య, ఉదయగిరికీ సీతారామపురానికీ మధ్య తాళం వేయని మరుగుదొడ్డి ఒక్కొక్కటి. కట్టినవి ఉన్నాయి, తాళం చెవి ఎవరి దగ్గర ఉందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. తిండికి మాత్రం ఏ లోటూ లేదు. ఘటిక సిద్ధేశ్వరం వైపు అవధూత కాశినాయన పేరు మీద నడిచే అన్నదానంలో వేళ కాని వేళ వెళ్ళినా విస్తరి వేస్తారు. కారులో వచ్చేవాళ్ళు నెల్లూరులోనే తిని బయల్దేరి, నెల్లూరుకే వచ్చి తింటారు. సైకిలు వాడికి ప్రతి ఇరవై కిలోమీటర్లకూ ఆకలి. దోసెల బండి, టీ కొట్టు, అరటిపళ్ళ బుట్ట దేన్నీ దాటిపోలేడు.

ఆర్టీసీ వారికి కూడా ఒక విన్నపం. పాత పల్లె బస్సుల పైన క్యారియరు, వెనక నిచ్చెన ఉండేవి. మేకపిల్ల నుంచి మంచం దాకా అన్నీ పైకెక్కేవి. ఇప్పుడు అవి పోయాయి. చైను తెగినా, ఎండ దెబ్బ తగిలినా సైకిలుతో బస్సు ఎక్కే దారి లేదు. రద్దీ లేని వేళ, టికెట్టు తీసుకుని, వెనక సీట్ల దగ్గర ఒక సైకిలు పెట్టుకోనివ్వమని డిపోలకు చెప్పండి.

చేయకూడనివి కూడా కొన్ని ఉన్నాయి, అవి ఇంకా ముఖ్యం. దయచేసి సైకిలు ట్రాకు పేరుతో టైల్స్ పరవకండి. రెండు వానలకు అవి లేచిపోతాయి, లేచిన టైలు గుంత కంటే ప్రమాదం. కొండ పాదాన స్వాగత తోరణాలు, సెల్ఫీ బొమ్మలు, రిసార్టులు వద్దు. జూన్ 3న ప్రపంచ సైకిల్ దినం అని జెండా ఊపి, టోపీలు పంచి, స్టేడియం నుంచి కలెక్టరేట్ దాకా ఊరేగింపు తీయడం మానేయమని నేను అనను. కానీ జూన్ మొదటి వారంలో నెల్లూరు ఎండ ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. ఆ ఊరేగింపు చూసి సైకిలు కొనాలనుకున్న పిల్లవాడు కూడా మనసు మార్చుకుంటాడు. మన వైపు సైకిలు కాలం వేరు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు. అవి వెనకబట్టాక శివరాత్రి దాకా వెలిగొండలు పచ్చగా, వాగులు పారుతూ, గాలి చల్లగా ఉంటుంది. ఏ కార్యక్రమమైనా ఆ రెండు నెలల్లో పెట్టండి. గేటు వేళలు, జంగిల్ క్లియరెన్స్, కల్వర్టుల మీద అంకెలు అన్నీ వానలు తగ్గేసరికి పూర్తయ్యేలా చూస్తే వచ్చే సంక్రాంతికి బయటి జిల్లాల వాళ్ళను కూడా పిలుస్తాం.

ఈ లేఖతో పాటు రెండు దారుల పటం జతచేస్తున్నాం. తారు అంచు బాగా లోతుగా ఉన్న చోట్లను ఎర్ర చుక్కలతో, తాళం వేసి ఉన్న మరుగుదొడ్లను నల్ల చుక్కలతో గుర్తించాం. కాగితం మీద చూడటం కంటే రోడ్డు మీద చూస్తే మేలని అనుకుంటే, సంక్రాంతి తరువాత వచ్చే రెండో ఆదివారం ఉదయం ఆరు గంటలకు ఆత్మకూరు బస్టాండు దగ్గర ఉంటాం. అక్కడి నుంచి సోమశిలకు. మూడు శాఖల నుంచి ఒక్కొక్క ఇంజనీరునో, అధికారినో పంపండి. సైకిళ్ళు, హెల్మెట్లు మేమే తెస్తాం, మధ్యాహ్నం భోజనం కూడా మాదే. ఎవరు వస్తున్నారో, వాళ్ళ ఎత్తు ఎంతో రెండు రోజుల ముందు చెబితే సీట్లు సరిచేసి ఉంచుతాం.

ఇట్లు,
వెలిగొండల దారిన తిరిగే నెల్లూరు జిల్లా సైకిలు మిత్రుల తరఫున,
ఒక సైకిలు యాత్రికుడు